పోలీసు సోదా, నిఘా అధికారాల చట్ట సంస్కరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

పోలీసులు ఇల్లు సోదా చేయడం, ఫోన్ స్వాధీనం చేసుకోవడం, సంభాషణలను చాటుగా వినడం గురించి చర్చ వచ్చిన ప్రతిసారీ అవే సందేహాలు ఎదురవుతున్నందువల్ల, భారతదేశంలో ప్రస్తుతం అమలులో ఉన్న చట్టం ఏం చెబుతోందో, ఎక్కడ మారాలో ఇక్కడ ఒకచోట కూర్చాము. దర్యాప్తు నడిచే క్రమంలోనే ప్రశ్నలను అమర్చాము కాని, ఏ జవాబునైనా విడిగా చదువుకోవచ్చు. ఇది సాధారణ అవగాహన కోసమే. కేసు ఎదుర్కొంటున్నవారు న్యాయవాదిని సంప్రదించాలి.

## సోదాకు ముందు

వారెంటు లేకుండా పోలీసులు మా ఇంట్లోకి వచ్చి వెతకవచ్చా?

వెతకవచ్చు, కాని కొన్ని షరతులకు లోబడి మాత్రమే. మేజిస్ట్రేట్ సోదా వారెంటు జారీ చేసే అధికారం క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 96వ సెక్షన్‌లో ఉంది. వారెంటు లేని సోదాకు 185వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. ఫలానా వస్తువు ఫలానా చోట ఉందని నమ్మడానికి సహేతుకమైన కారణం ఉండాలి, వారెంటు కోసం ఆగితే అనుచితమైన జాప్యం జరుగుతుందని దర్యాప్తు అధికారి భావించాలి, ఆ కారణాలను ముందుగా కేస్ డైరీలో రాసిపెట్టాలి. ఆ రికార్డు ప్రతిని 48 గంటలు దాటకుండా మేజిస్ట్రేట్‌కు పంపాలి; ఇంటి యజమాని దరఖాస్తు చేసుకుంటే ఉచితంగా ప్రతి ఇవ్వాలి. అత్యవసరం కోసం పెట్టిన ఈ మినహాయింపు ఆచరణలో సాధారణ మార్గంగా స్థిరపడింది. జాప్యం నిజంగా అనుచితమా కాదా అన్నది సోదాకు ముందు చూసేవారు ఎవరూ లేరు, తర్వాత మేజిస్ట్రేట్ దాన్ని తప్పనిసరిగా పరిశీలించి ఉత్తర్వు ఇవ్వాలన్న నియమమూ లేదు. సంస్కరణ కోరడానికి మొదటి కారణం ఇదే.

2024 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి కదా, మళ్లీ సంస్కరణ ఎందుకు?

2024 జూలై 1న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ అమలులోకి వచ్చాయి. సోదాను వీడియో తీయాలన్న నియమం, రికార్డును మేజిస్ట్రేట్‌కు పంపడానికి గడువు నిజమైన మెరుగుదలలే, వాటిని తక్కువ చేయనక్కరలేదు. అయితే సోదా అధికారం ఎవరిది, అనుమతి ఎవరివ్వాలి, నియమం తప్పితే ఏమవుతుంది అన్న మూడు మూల ప్రశ్నలకు పాత జవాబులే కొనసాగాయి. పాత కోడ్‌లోని 165వ సెక్షన్ స్వల్ప మార్పులతో 185 అయింది, 100వ సెక్షన్ 103 అయింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ప్రకటించింది. ఆ హక్కులో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, తీసుకునే చర్య ఆ ప్రయోజనానికి తగిన పరిమాణంలోనే ఉండాలి అని చెప్పింది. ఆ తీర్పు తర్వాత రాసుకున్న చట్టంలోనూ ఈ కొలతలకు తగ్గట్టు సోదా అధికారాన్ని మలచకపోవడం పెద్ద లోటు.

కార్డన్ సెర్చ్ పేరుతో కాలనీ మొత్తాన్ని చుట్టుముట్టి ఇల్లిల్లూ తనిఖీ చేస్తారు. దానికి ఏ చట్టం ఆధారం?

నిర్బంధ తనిఖీ అనే పేరుతో సురక్షా సంహితలో ఏ సెక్షనూ లేదు. 185వ సెక్షన్ ఒక నిర్దిష్ట నేరం, ఒక నిర్దిష్ట స్థలం, వెతుకుతున్న ఒక నిర్దిష్ట వస్తువు గురించి మాట్లాడుతుంది. తెల్లవారుజామున రెండు వందల ఇళ్ల తలుపులు తట్టడానికి ఒక్కో ఇంటి విషయంలోనూ అలాంటి కారణం రాయడం సాధ్యం కాదు. ఆచరణలో ఇటువంటి తనిఖీలు నివాసుల సమ్మతి మీద నడుస్తున్నట్టు చెబుతారు. సాయుధ బలగాలు వీధి రెండు చివరలా నిలబడి ఉండగా ఇచ్చే సమ్మతిని స్వేచ్ఛగా ఇచ్చినదని ఎలా అనగలం? పైగా ఈ తనిఖీలు ఎక్కువగా పేదలు, వలస కార్మికులు ఉండే బస్తీలలోనే కనిపిస్తాయి, గేటెడ్ కమ్యూనిటీలలో కాదు. చట్టం వీటిని నిషేధించాలి, లేదా తప్పనిసరి పరిస్థితులను నిర్వచించి న్యాయమూర్తి అనుమతికి లోబడి ఉంచాలి. ఏ చట్టమూ చెప్పని అధికారాన్ని కేవలం అలవాటుగా సాగనివ్వకూడదు.

## సోదా జరుగుతున్నప్పుడు

పోలీసులు ఇంట్లో ఉన్నప్పుడు నేను ఏమేం అడగవచ్చు?

వచ్చినవారి పేరు, హోదా, ఏ కేసు, వారెంటు ఉంటే దాని ప్రతి, లేకపోతే ఏ సెక్షన్ కింద వచ్చారు అన్నవి మర్యాదగా అడగవచ్చు. 103వ సెక్షన్ ప్రకారం ఆ ప్రాంతానికి చెందిన ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది స్వతంత్రులైన, గౌరవప్రదులైన వ్యక్తుల సమక్షంలో సోదా జరగాలి. మన దగ్గర వీరినే మధ్యవర్తులు లేదా పంచులు అంటారు. ఇంట్లో ఉన్నవారిని సోదా చూడనివ్వాలి, స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా రాసి సంతకాలు చేయించి ప్రతి ఇవ్వాలి. మహిళను సోదా చేయవలసి వస్తే మరొక మహిళే, మర్యాదకు భంగం కలగకుండా చేయాలి. తలుపు వేసి అడ్డుకోవడం మాత్రం సరికాదు, చట్టబద్ధమైన సోదాను అడ్డగించడం నేరమవుతుంది. అభ్యంతరం ఉంటే ఆ సంగతిని జాబితా మీదనే రాసి సంతకం చేయడం మంచిది, ఎందుకంటే తర్వాత కోర్టులో మన మాట కంటే ఆ కాగితానికే విలువ ఎక్కువ.

ఇప్పుడు వీడియో తప్పనిసరి కదా, దాంతో సమస్య తీరినట్టే కదా?

కొంతవరకే తీరింది. 105వ సెక్షన్ ప్రకారం సోదాను, స్వాధీనాన్ని, జాబితా రాసి సాక్షుల సంతకాలు తీసుకోవడాన్ని ఆడియో వీడియోలో, వీలైతే మొబైల్ ఫోన్‌తో చిత్రీకరించి జాప్యం లేకుండా మేజిస్ట్రేట్‌కు పంపాలి. ఒకే మనిషి పదుల కేసులలో మధ్యవర్తిగా సంతకం చేసే పాత అలవాటుకు ఇది అడ్డుకట్ట కాగలదు. కానీ చిత్రీకరణ జరగకపోతే, లేదా మధ్యలో ఆగిపోతే సోదా ఏమవుతుందో ఆ సెక్షన్ చెప్పదు. వీడియో ప్రతిని ఇంటివారికి వెంటనే ఇవ్వాలనీ చెప్పదు. కెమెరా ఎవరి చేతిలో ఉందో వారికి కావలసిందే అందులో కనిపించే ప్రమాదం ఉంది కనుక, గుమ్మం దాటక ముందు మొదలై బయటికి వెళ్లేదాకా ఆపకుండా తీయాలని, ఆపితే కారణం నమోదు చేయాలని, ప్రతి ఇంటివారికి అందాలని నియమంలోనే రాయాలి.

## ఫోన్ విషయంలో

రోడ్డు మీద ఆపి ఫోన్ అన్‌లాక్ చేసి వాట్సాప్ చూపించమంటే చూపించాలా?

వాహన పత్రాలు అడిగే అధికారంలో ఫోన్ లోపలి సందేశాలు చదివే అధికారం కలిసి లేదు. 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో పోలీసులు దారినపోయేవారి ఫోన్లు తీసుకుని సందేశాలలో గంజాయి అన్న మాట కోసం వెతుకుతున్న దృశ్యాలు బయటికి వచ్చి తీవ్ర చర్చకు దారితీశాయి. అరెస్టయిన వ్యక్తి ఒంటిని సోదా చేసే అధికారం 49వ సెక్షన్‌లో ఉంది. అరెస్టు కాని మనిషి జేబులోని ఫోన్‌ను, ఏ నేరమూ నమోదు కాకుండా, ఏ కారణమూ రాయకుండా చదవడానికి మాత్రం అందులో చోటు లేదు. అమెరికా సుప్రీంకోర్టు 2014లో రైలీ కేసులో, అరెస్టయిన మనిషి ఫోన్‌ను కూడా సాధారణంగా వారెంటు లేకుండా తెరవరాదని తేల్చింది. మన పార్లమెంటు కూడా ఆ రేఖను స్పష్టంగా గీయాలి. ఇల్లంతా వెతికినా దొరకనన్ని ఉత్తరాలు, ఫొటోలు, వైద్య వివరాలు, బ్యాంకు లెక్కలు ఒక్క ఫోన్‌లో దొరుకుతాయి. అటువంటప్పుడు ఫోన్‌కు ఇంటికంటే తక్కువ రక్షణ ఉండటం అర్థరహితం.

పాస్‌వర్డ్ చెప్పమని నిర్బంధించవచ్చా?

దీని మీద న్యాయస్థానాల మధ్య ఏకాభిప్రాయం లేదు. రాజ్యాంగం 20(3) అధికరణం ప్రకారం నిందితుడిని తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టరాదు. వేలిముద్రలు, చేతిరాత నమూనాలు ఇవ్వడం ఆ నిషేధంలోకి రాదని 1961లో కతి కాలు ఓఘడ్ కేసులో, మనిషి మనసులోని విషయాన్ని సమ్మతి లేకుండా నార్కో పరీక్షతో రాబట్టరాదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాస్‌వర్డ్ ఈ రెండింటిలో దేని కిందికి వస్తుంది? అది సాక్ష్యం కిందికి రాదని కర్ణాటక హైకోర్టు 2021లో వీరేంద్ర ఖన్నా కేసులో భావించింది, అయితే అత్యవసరం కాని సందర్భాలలో ఫోన్ సోదాకు వారెంటు కావాలని అదే తీర్పులో చెప్పింది. నిందితుడిని పాస్‌వర్డ్ చెప్పమని బలవంతపెట్టరాదని ఢిల్లీ హైకోర్టు 2023లో అంది. మనసులో దాచుకున్నదాన్ని నోటితో చెప్పించడం సెల్వి తీర్పుకే దగ్గరగా ఉందని మా అభిప్రాయం.

ఫోన్, ల్యాప్‌టాప్ తీసుకెళ్లి నెలల తరబడి ఇవ్వడం లేదు. చట్టంలో గడువు లేదా?

పరికరాన్ని ఇన్ని రోజులలో కాపీ చేసుకుని తిరిగి ఇవ్వాలన్న నిర్దిష్ట నియమం లేదు. తిరిగి ఇప్పించమని మేజిస్ట్రేట్ ముందు దరఖాస్తు చేసుకోవడమే ప్రస్తుత మార్గం. పాత్రికేయుల పరికరాల స్వాధీనంపై దాఖలైన పిటిషన్‌లో 2023 నవంబరులో సుప్రీంకోర్టు ఆందోళన వ్యక్తం చేసి, మార్గదర్శకాలు ఉండాలని కేంద్రానికి చెప్పింది. మార్గదర్శకాలు ఎంత మంచివైనా చట్టానికి సాటి రావు. స్వాధీనం చేసుకున్న క్షణంలోనే పరికరంలోని సమాచారానికి హాష్ విలువ (ఆ సమాచారం నుంచి లెక్కించే, దాని వేలిముద్ర లాంటి గుర్తు) లెక్కించి జాబితాలో రాయాలి. ఆ తర్వాత లోపల ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది కనుక, పోలీసులు ఏదో చొప్పించారన్న ఆరోపణకూ, నిందితుడి అబద్ధపు వాదనకూ అదే జవాబు అవుతుంది. సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద కోర్టుకు ఇచ్చే ధ్రువపత్రంలో హాష్ విలువ ఇప్పటికే ఉండాలి; దాన్ని స్వాధీనం నాటికే తప్పనిసరి చేయడం కష్టమైన పని కాదు.

నా కాల్ డేటా, లొకేషన్ తీసుకోవడానికి కోర్టు ఉత్తర్వు కావాలా?

94వ సెక్షన్ ప్రకారం కోర్టు సమన్లతో గాని, పోలీసు స్టేషన్ బాధ్యుడైన అధికారి లిఖితపూర్వక ఉత్తర్వుతో గాని పత్రాలను, ఎలక్ట్రానిక్ సమాచారాన్ని, పరికరాలను రప్పించవచ్చు. విచిత్రమేమిటంటే తపాలా శాఖ చేతిలో ఉన్న ఉత్తరం, పోస్టుకార్డు ఈ సెక్షన్ పరిధిలోకి రావు. వాటిని తీసుకోవడానికి జిల్లా మేజిస్ట్రేట్ లేదా పైస్థాయి న్యాయస్థానం ఉత్తర్వు కావాలి. అందరూ చదవగలిగే పోస్టుకార్డుకు ఉన్న రక్షణ, ఏడాది పాటు ఒక మనిషి ఎక్కడెక్కడ తిరిగాడో చెప్పే సమాచారానికి లేదు.

## రహస్య నిఘా

ఫోన్ ట్యాపింగ్‌కు ఎవరు అనుమతి ఇస్తారు?

కేంద్రంలో హోం కార్యదర్శి, రాష్ట్రంలో రాష్ట్ర హోం శాఖ బాధ్యుడైన కార్యదర్శి. జడ్జి కాదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం 5(2) సెక్షన్ మీద 1996 డిసెంబరులో పీయూసీఎల్ (పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్) కేసులో సుప్రీంకోర్టు కొన్ని రక్షణలు నిర్దేశించింది. అవే 2007లో టెలిగ్రాఫ్ నిబంధనలలో 419ఏ నిబంధన అయ్యాయి. ముందస్తు న్యాయ పరిశీలన చట్టంలో లేనందున తాము దాన్ని విధించలేమని అప్పుడు కోర్టు భావించింది, ఆ పని చట్టసభకు మిగిలిపోయింది. ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 20(2) సెక్షన్, దాని కింద 2024 డిసెంబరులో వచ్చిన నిబంధనలు ఆ స్థానాన్ని తీసుకున్నాయి. ఉత్తర్వు 60 రోజులు చెల్లుతుంది, మొత్తం 180 రోజులు దాటరాదు. కంప్యూటర్లు, ఇంటర్నెట్ సమాచారం విషయంలో ఐటీ చట్టం 69వ సెక్షన్, 2009 నిబంధనలు వర్తిస్తాయి. 2018 డిసెంబరు 20న కేంద్ర హోం శాఖ పది సంస్థలకు ఆ అధికారం ఇచ్చింది. చట్టం మారే అవకాశం వచ్చిన ప్రతిసారీ అనుమతి కార్యనిర్వాహక వర్గం చేతిలోనే ఉండిపోయింది.

ఆ ఉత్తర్వులను సమీక్షించే కమిటీ ఉంది కదా?

ఉంది. కేంద్రంలో కేబినెట్ కార్యదర్శి, రాష్ట్రంలో ప్రధాన కార్యదర్శి దానికి అధ్యక్షులు, సభ్యులూ కార్యదర్శులే. ఒక కార్యదర్శి ఇచ్చిన ఉత్తర్వును మరో ముగ్గురు కార్యదర్శులు చూస్తారు. ప్రభుత్వం బయటి మనిషి ఒక్కరూ లేరు. వ్యక్తిగత సమాచార రక్షణపై వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018 నివేదిక ప్రకారం ఈ సమీక్ష కమిటీ ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఉత్తర్వులను సమీక్షించవలసి వస్తోంది, అది ఆచరణసాధ్యం కాదని శ్రీకృష్ణ కమిటీయే స్పష్టం చేసింది. సమావేశం పొద్దుటి నుంచి రాత్రి దాకా సాగినా ఒక్కో ఉత్తర్వుకు కొన్ని సెకన్లు మించి దక్కవు. ఆ ఉత్తర్వు కింద ఎవరి ఇంటి మాటలు, ఎవరి భార్యాభర్తల సంభాషణలు, ఏ న్యాయవాది సలహా రికార్డవుతున్నాయో ఆ కొన్ని సెకన్లలో ఎవరు తూచగలరు? కమిటీలోని అధికారులను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు; ఎంత నిజాయతీపరులైనా మోయలేని బరువును చట్టం వారి మీద పెట్టింది.

మామూలు నేరాల దర్యాప్తులో కూడా ట్యాప్ చేయవచ్చా?

ప్రజా అత్యవసర పరిస్థితి లేదా ప్రజా భద్రత ఉంటేనే టెలిగ్రాఫ్ చట్టం కింద ట్యాపింగ్ చెల్లుతుంది, ఆ పరిస్థితి సామాన్యుడికి కూడా కనిపించేలా ఉండాలని పీయూసీఎల్ తీర్పు చెప్పింది. దాని ఆధారంగానే లంచం కేసులో ఇచ్చిన ట్యాపింగ్ ఉత్తర్వులను బొంబాయి హైకోర్టు 2019లో వినీత్ కుమార్ కేసులో కొట్టివేసింది. మద్రాసు హైకోర్టు 2025 జూలైలో అదే దారిలో నడిచింది. అంతకు కొద్ది రోజుల ముందే ఢిల్లీ హైకోర్టు, భారీ అవినీతి ప్రజా భద్రతకు సంబంధించినదేనని భావించి ఉత్తర్వులను సమర్థించింది. ఒకే మాటకు రాష్ట్రానికో అర్థం ఉండే స్థితి దర్యాప్తు అధికారికీ మంచిది కాదు. ఏయే నేరాలకు, ఏ శిక్షా పరిమితి దాటితే ట్యాపింగ్ అడగవచ్చో చట్టంలోనే జాబితా ఉండాలి.

నా ఫోన్ ట్యాప్ అయిందని నాకు ఎప్పటికైనా చెబుతారా?

చెప్పరు. కేసు కోర్టుకు వచ్చి ఆ రికార్డును సాక్ష్యంగా చూపితే తప్ప తెలిసే దారి లేదు. పైగా రికార్డులను ఆరు నెలలకోసారి ధ్వంసం చేయాలన్న నియమం, గోప్యతను కాపాడటానికే పెట్టినా, దుర్వినియోగం జరిగితే ఆనవాళ్లనూ తుడిచివేస్తుంది. 2024 మార్చిలో హైదరాబాద్‌లో నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసులో హార్డ్‌డిస్కుల ధ్వంసం కూడా ఒక ఆరోపణ. నిజానిజాలు కోర్టు తేల్చవలసినవే. అమెరికాలో 1968 చట్టం ప్రకారం ట్యాపింగ్ ముగిశాక సాధారణంగా 90 రోజులలోపు సంబంధిత వ్యక్తికి తెలియజేయాలి. ఇలా తెలియజేసే ఏర్పాటు లేనందుకు దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం 2021లో తమ నిఘా చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధంగా ప్రకటించింది. తనపై నిఘా జరిగిందని తెలియని మనిషి కోర్టుకు వెళ్లడం అసాధ్యం, అందుకే మిగిలిన అన్ని హక్కులూ దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

స్పైవేర్ కూడా చట్టబద్ధమేనా?

ఫోన్‌లోకి చొరబడి కెమెరాను, మైకును నడిపే సాఫ్ట్‌వేర్‌ను వాడవచ్చని స్పష్టంగా చెప్పే చట్టం లేదు. పెగాసస్ అనే స్పైవేర్ వ్యవహారంలో 2021 అక్టోబరు 27న సుప్రీంకోర్టు, జాతీయ భద్రత అన్న మాట ఎత్తినంత మాత్రాన న్యాయ సమీక్ష ఆగదని చెప్పి, జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్ పర్యవేక్షణలో కమిటీని వేసింది. పరీక్షించిన 29 ఫోన్లలో ఐదింటిలో మాల్‌వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) కనిపించిందని, అది పెగాససేనని నిర్ధారణ కాలేదని, కేంద్రం సహకరించలేదని కమిటీ చెప్పినట్టు 2022 ఆగస్టులో కోర్టు వెల్లడించింది.

సీసీ కెమెరాలు, ముఖ గుర్తింపు సంగతి ఏమిటి?

జనం గుమిగూడే సంస్థలు కెమెరాలు పెట్టి 30 రోజుల దృశ్యాలు భద్రపరచాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2013లోనే ప్రజా భద్రత చట్టం చేసింది. కెమెరాకు ముఖ గుర్తింపు జోడించి, కదిలే ప్రతి మనిషినీ పేరుతో పోల్చుకోవడం ఆ చట్టం ఊహించని అధికారం. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం నేర నివారణ, దర్యాప్తులకు విస్తృతమైన మినహాయింపు ఇచ్చినందున అక్కడా రక్షణ దొరకదు.

రౌడీషీట్ తెరిస్తే ఎప్పటికీ నిఘాలోనే ఉండాలా?

రాత్రివేళ ఇంటికి వచ్చి చూసే అధికారాన్ని ఖరక్ సింగ్ కేసులో 1962లోనే సుప్రీంకోర్టు కొట్టివేసింది. నిఘా అనివార్యమైనా అది మనిషి పరువుకు, స్వేచ్ఛకు భంగం కలిగించకూడదని 1980లో మలక్ సింగ్ కేసులో చెప్పింది. మన రాష్ట్రాలలో రౌడీషీట్లకు ఆధారం పోలీసు స్టాండింగ్ ఆర్డర్లు, అంటే పోలీసు శాఖ అంతర్గత ఆదేశాలు. వాటికి చట్టబలం లేదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం 2022 జూలైలో అభిప్రాయపడింది. వివాదం ఏ కోర్టులో ఎలా ముగిసినా, శాసనసభ ఈ విషయాన్ని చేతిలోకి తీసుకుని, షీట్ తెరిచే ముందు నోటీసు, కాలపరిమితి, అప్పీలు కల్పించాలి.

## కోర్టులో

అక్రమ సోదాలో దొరికిన వస్తువును సాక్ష్యంగా తీసుకుంటారా?

సాధారణంగా తీసుకుంటారు. సాక్ష్యం కేసుకు సంబంధించినదైతే, దాన్ని సేకరించిన తీరు అక్రమమైనా కొట్టివేయనక్కరలేదని 1973లో పూరణ్ మల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒంటి సోదాకు గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ సమక్షం కోరే హక్కునిచ్చే మాదకద్రవ్యాల చట్టం 50వ సెక్షన్ వంటి కొన్ని చోట్ల మాత్రమే 1999 బల్దేవ్ సింగ్ తీర్పు కఠినంగా ఉంది. తప్పు సోదాకు ఫలితం దక్కుతున్నంత కాలం నియమాలు కాగితానికే పరిమితమవుతాయి. తీవ్రమైన ఉల్లంఘన జరిగితే సాక్ష్యాన్ని తిరస్కరించే విచక్షణ కోర్టుకు ఇవ్వాలని లా కమిషన్ 1983లో 94వ నివేదికలో సిఫారసు చేసింది. సాక్ష్య చట్టాన్ని పూర్తిగా తిరగరాసిన 2023లో కూడా దాన్ని చేర్చలేదు. ప్రతి చిన్న లోపానికీ హంతకుడిని వదిలేయమని ఆ సిఫారసు అనలేదు. ఉల్లంఘన తీవ్రతను, నేర తీవ్రతను తూచి నిర్ణయించమంది. మేము కోరే మార్పులలో అన్నింటికంటే ముందు నిలిచేది ఇదే.

## సంస్కరణ

ఇంతకీ ఏం మార్చమంటున్నారు?

ఇంటికైనా, ఫోన్‌కైనా, సంభాషణకైనా దర్యాప్తుతో సంబంధం లేని న్యాయమూర్తి ముందుగా అనుమతించాలి, పని ముగిశాక ఆ వ్యక్తికి తెలియజేయాలి, నియమం మీరి తెచ్చిన సాక్ష్యాన్ని తిరస్కరించే అధికారం కోర్టుకు ఉండాలి. వీటికి తోడు ఎన్ని ఉత్తర్వులు ఇచ్చారో, ఎన్ని తిరస్కరించారో, ఎన్ని కేసులలో ఫలితం వచ్చిందో ఏటా శాసనసభ ముందు పెట్టాలి. ఆ అంకెల వల్ల ఏ రహస్యమూ బయటపడదు. తనిఖీ అధికారాన్ని కారణాలు రాయకుండా ఎవరికైనా అప్పగించడం ఎంత ప్రమాదమో మనకు తెలియనిది కాదు. స్టాంపు చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ అలాగే ఉన్నందువల్ల, హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్ వర్సెస్ కెనరా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు దాన్ని రద్దు చేసింది. గోప్యత స్థలాలకు కాదు, మనుషులకు చెందినదని ఆ తీర్పే చెప్పింది.

జడ్జి అనుమతి కోసం ఆగితే నేరస్తులు పారిపోరా?

ఆ భయం న్యాయమైనదే, కిడ్నాప్ కేసులో గంట ఆలస్యం కూడా ప్రాణం తీయవచ్చు. అందుకే అత్యవసర మినహాయింపు ఉండాలి, దాని వెనుకే కోర్టు పరిశీలన ఉండాలి. బ్రిటన్ 2016 చట్టం ప్రకారం మంత్రి ఇచ్చిన అత్యవసర ఉత్తర్వును జుడీషియల్ కమిషనర్ మూడు పని దినాలలోపు ఆమోదించాలి, లేకపోతే అది రద్దవుతుంది. అమెరికాలో 48 గంటలలోపు కోర్టుకు దరఖాస్తు చేయాలి. రిమాండు కోసం మన మేజిస్ట్రేట్లు సెలవు రోజుల్లోనూ అందుబాటులో ఉంటున్నారు; ఎలక్ట్రానిక్ దరఖాస్తుతో డ్యూటీ మేజిస్ట్రేట్ గంటలలో వారెంటు ఇవ్వడం సాధ్యమే.

తప్పు చేయనివారికి భయం ఎందుకు?

నిఘాకు లోనయ్యేవారిలో నిందితులతో ఫోన్‌లో మాట్లాడిన బంధువులు, వైద్యులు, న్యాయవాదులు, విలేకరులు కూడా ఉంటారు. వారు ఏ తప్పూ చేయలేదు. తప్పు చేసినవారెవరో తేల్చవలసింది విచారణ కనుక, విచారణకు ముందే అధికారి అనుమానాన్ని తీర్పుగా తీసుకోలేము.

ఇది కేంద్రం పనా, రాష్ట్రం పనా?

రెండూ. టెలికమ్యూనికేషన్లు కేంద్ర జాబితాలో ఉన్నందున ట్యాపింగ్ చట్టాన్ని పార్లమెంటే మార్చాలి. నేర విచారణ ప్రక్రియ ఉమ్మడి జాబితాలో ఉంది కనుక, రాష్ట్రపతి ఆమోదంతో రాష్ట్రాలు సోదా నియమాలకు సవరణలు చేసుకోవచ్చు. పోలీసు శాఖ రాష్ట్ర జాబితాలోనిది. కార్డన్ సెర్చ్‌లను ఆపడం, సోదా వీడియో ప్రతిని ఇంటివారికి ఇవ్వడం, ఫోన్ స్వాధీనం నాడే హాష్ విలువ రాయడం, ట్యాపింగ్ ఉత్తర్వుల సంఖ్యను ఏటా శాసనసభకు సమర్పించడం వంటివాటికి ఢిల్లీ దాకా వెళ్లనక్కరలేదు. ప్రభుత్వ ఉత్తర్వుతోనో, డీజీపీ సర్క్యులర్‌తోనో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు వాటిని ఇప్పుడే మొదలుపెట్టవచ్చు.